అపార్ట్‌మెంట్‌లో హాలోవీన్: పిల్లలకి ఏం పంచాలి, ఎంత కొనాలి? (బెంగళూరు)

తొమ్మిదో అంతస్తు అడిగారు:

సర్జాపూర్ రోడ్డు వైపు ఒక గేటెడ్ సొసైటీలోకి ఈ మధ్యే వచ్చాం. మూడు టవర్లు, ఒక్కో టవర్‌కి 15 అంతస్తులు, అంతస్తుకి ఆరు ఫ్లాట్లు. అక్టోబర్ 31 సాయంత్రం పిల్లలు వేషాలు వేసుకుని వస్తారట, చాక్లెట్లు ఇవ్వదలచినవాళ్ళు ఫ్లాట్ నంబర్ రాయండని టవర్ వాట్సాప్ గ్రూపులో షీటు పెట్టారు. మేమూ రాశాం. మా టవర్‌లోనే 12 ఏళ్ళ లోపు పిల్లలు 80 మంది దాకా ఉన్నారు, పక్క టవర్ల పిల్లలు కూడా వస్తారని కొందరు అంటున్నారు.

తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. ఎన్ని కొనాలి? రూపాయి చాక్లెట్లు ఇస్తే బాగుండదా, పదిరూపాయలవి కొనాలా? మా అత్తగారు పూర్తి శాకాహారి. పైగా ఆ రోజు కార్తీకంలో పడితే తను ఇచ్చే దాంట్లో జెలటిన్ లాంటిది ఏమీ ఉండకూడదంటారు, అది ఎలా చూసుకోవాలి? సరిగ్గా ఆరింటికి ఆవిడ దీపం పెట్టుకునే వేళ. ఆ గంటసేపూ బెల్లు మోగకుండా బుట్ట బయట పెట్టేస్తే సరిపోతుందా? గుమ్మడికాయ చెక్కాలని పిల్లల సరదా, ఇక్కడి గుమ్మడికాయతో అది అవుతుందా?

వైట్‌ఫీల్డ్ వాలంటీర్ జవాబు:

కొనే ముందు పిల్లాడి సంచిలో మొత్తం ఎన్ని పడతాయో ఒక్కసారి లెక్క వేయండి. మీ టవర్‌లో 90 ఫ్లాట్లు. సగం మంది పేర్లు రాశారనుకుంటే 45 తలుపులు. తలుపుకి రెండేసి చొప్పున ఇస్తే 90 చాక్లెట్లు. ఒక్కోటి 4 గ్రాములే అనుకున్నా 360 గ్రాములు, అందులో చాలావరకు చక్కెర. ఆరేళ్ళ పిల్లకి అది చాలా ఎక్కువ. అందుకని గ్రూపులో ముందే "తలుపుకి ఒక్కటే" అని మాట అనుకోండి. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే, ఆ షీటులోనే ఫ్లాట్ నంబర్ పక్కన ఇంకో గడి పెట్టి ఎవరు ఏం ఇస్తున్నారో రాయించండి. మూడో వంతు ఇళ్ళు పెన్సిళ్ళు, రబ్బర్లు, స్టిక్కర్లకి మారితే చాలు, పిల్లల సంచి బరువు తగ్గదు, చక్కెర తగ్గుతుంది.

పక్క టవర్ల సంగతి. ఒక్కో తలుపు దగ్గర ఎంత త్వరగా పంచినా నిమిషం పడుతుంది. 45 తలుపులకి 45 నిమిషాలు, మెట్లకి ఇంకో 15. మొత్తం గంట. మూడు టవర్లూ తిరగాలంటే మూడు గంటలు, ఐదేళ్ళ పిల్లలు అంతసేపు నడవలేరు, మాస్కు కింద చెమట, కాళ్ళలో కేప్ (వీపు వెనక వేలాడే గుడ్డ) చిక్కుకోవడం, ఏడుపులు. కాబట్టి ఎవరి టవర్ వాళ్ళదే అని పట్టుబట్టండి. అప్పుడు మీ లెక్క తేలిక: 80 మంది, చుట్టాల పిల్లలు, స్నేహితులు కలిపి 20 శాతం అదనం, అంటే 96. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ వాళ్ళ పిల్లలకి ఇంకో 15 పక్కన పెట్టుకోండి. 120 కొంటే నిశ్చింత. రూపాయివైతే 120 రూపాయలు, ఐదువైతే 600, పదివైతే 1,200. రూపాయి చాక్లెట్ ఇస్తే తక్కువని ఏ పిల్లా అనుకోదు. మెలోడీ, కిస్మీ, కాఫీ బైట్, మ్యాంగో బైట్ అన్నీ ఇష్టంగానే తీసుకుంటారు. పెద్దవాళ్ళ మొహమాటమే పదిరూపాయల దాకా తీసుకెళుతుంది.

ఒక గిన్నెలో ఒకటే రకం వేయండి. నాలుగు రకాలు కలిపితే ప్రతివాడూ అడుగు దాకా కెలికి తనకి నచ్చింది వెతుక్కుంటాడు, వెనక పదిమంది ఆగిపోతారు, నచ్చిన రకం మొదటి అరగంటలోనే అయిపోయి తర్వాత వచ్చినవాళ్ళకి నిరాశ. గిన్నె మీ చేతిలోనే ఉంచుకుని మీరే తీసి సంచిలో వేస్తే ఇంకా వేగం.

డబ్బా మీద బరువు కాదు, ఎన్ని ఉన్నాయో చూసి కొనండి. ఒకే ఇంటి కోసమైతే చిక్‌పేట హోల్‌సేల్ బజారు దాకా పోవడం దండగ, మెట్రో, ఆటో ఖర్చులకే మిగిలింది పోతుంది. పది ఇళ్ళు కలిసి కొనేటట్టయితే పోవచ్చు. పెన్సిళ్ళు, రబ్బర్లు, కాగితపు సంచులు హోల్‌సేల్‌లో బాగా తక్కువకి వస్తాయి.

చాక్లెట్ బార్లు వారం ముందే తెచ్చినా ఫ్రిజ్‌లో పెట్టకండి. కోకో వెన్న కరిగేది 34 డిగ్రీల దగ్గర, అక్టోబర్ చివర బెంగళూరులో పగలు 30 దాటడం తక్కువ, కాబట్టి వంటింటికి దూరంగా ఒక అలమారలో ఉంటే చాలు. ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెడితే కవరు మీద తేమ చేరుతుంది, అతుకు సరిగా లేని కవర్లలో చాక్లెట్ పైన తెల్లటి పొర కడుతుంది. చెడిపోయినట్టు కాదు గానీ తల్లిదండ్రులు చూసి పారేస్తారు. చీమల బెడద ఉన్న ఇళ్ళలో మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బా వాడండి.

వేళ: ఆ రోజుల్లో ఇక్కడ ఆరింటికి ఐదారు నిమిషాల ముందే సూర్యాస్తమయం. ఆరేళ్ళ లోపు వాళ్ళని 5 నుంచి 6 దాకా, పెద్దవాళ్ళని 6 నుంచి 7:30 దాకా తిప్పండి. జట్టుకి ఎనిమిది, పదిమంది పిల్లలు, ఇద్దరు పెద్దలు, ఒకరు ముందు ఒకరు వెనక. లిఫ్టులో ఒకేసారి పై అంతస్తుకి వెళ్ళిపోయి మెట్ల మీదుగా దిగుతూ రావాలి. కింద నుంచి మొదలుపెడితే ప్రతి అంతస్తులో లిఫ్టు ఆపుతారు, ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళు కింద నిలబడిపోతారు, మర్నాడు గ్రూపంతా ఆ గొడవే. ఒక జట్టు 15 నుంచి 8 దాకా, ఇంకోటి 7 నుంచి కిందకి దిగితే, తర్వాత చోట్లు మార్చుకోవచ్చు.

పాల్గొనే ఇంటి తలుపు మీద నారింజ రంగు కాగితం ఒకటి అంటించాలి. కాగితం లేని తలుపు కొట్టకూడదని పిల్లలకి బయల్దేరే ముందే చెప్పాలి. ఇంట్లో పసిపిల్లలో, ఒంట్లో బాగోనివాళ్ళో, అసలు ఇది ఇష్టం లేనివాళ్ళో ఉండొచ్చు. అందరికీ ఇదే మర్యాద.

పచ్చచుక్క జవాబు:

జెలటిన్ విషయం ప్యాకెట్ మీదే తేలిపోతుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నిబంధన ప్రకారం శాకాహారానికి ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు చదరంలో గోధుమరంగు త్రికోణం ఉంటుంది. గుడ్డు ఉన్నా త్రికోణమే. జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు కాబట్టి అది కలిస్తే పచ్చచుక్క రాదు. ఇది ఎక్కువగా ఎదురయ్యేది మార్ష్‌మాలోల్లో, మెత్తటి గమ్మీల్లో. హాలోవీన్ అనగానే సూపర్ మార్కెట్లలో దయ్యాలు, సాలీళ్ళ ఆకారంలో దిగుమతి గమ్మీలు ముందు వరుసలో పెడతారు, వాటినే జాగ్రత్తగా చూడాలి. పెక్టిన్‌తో చేసిన గమ్మీలూ ఉన్నాయి, అవి పండ్ల నుంచి వచ్చేవి.

దిగుమతి సరుకైతే వెనక దిగుమతిదారు పేరు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు, పచ్చచుక్కో త్రికోణమో ఉన్న స్టిక్కర్ ఉండాలి. అది లేకపోతే ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. పదార్థాల జాబితాలో 120 అని ఉంటే కార్మిన్, పురుగుల నుంచి తీసే ఎర్ర రంగు. 904 అంటే లక్క, మెరుపు కోసం పైపూత. అత్తగారికి అంత నిష్ఠ ఉంటే ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి, లక్క ఉన్నా పచ్చచుక్క వేయొచ్చు కాబట్టి అది ఒక్కటే చూస్తే సరిపోదు.

ఒక పని మాత్రం తప్పక చేయండి. ఆ జాబితా కిందే "ఇందులో పాలు, గింజలు, సోయా ఉన్నాయి" అని అలర్జీ వివరం ఉంటుంది. పల్లీలు, జీడిపప్పు పడని పిల్లలు ఏ టవర్‌లోనైనా ఉంటారు. అందుకని పల్లీ చిక్కీ, గింజలున్న బార్లు ఇచ్చేవాళ్ళు అవి వేరే గిన్నెలో పెట్టి, ఇంకో గిన్నెలో పెన్సిళ్ళో స్టిక్కర్లో ఉంచాలి. అమెరికాలో దీనికోసమే తలుపు ముందు నీలిపచ్చ రంగు వేసిన గుమ్మడికాయ పెడతారు. 2012లో టెనెసీలో అలర్జీ ఉన్న పిల్లల కుటుంబాలు మొదలుపెడితే, 2014 నుంచి దేశమంతా పాకింది. ఇక్కడ మీ నారింజ కాగితం మూలన నీలిపచ్చ చుక్క ఒకటి పెట్టినా అదే పని చేస్తుంది, గ్రూపులో ముందే అర్థం చెప్పాలి అంతే.

నాలుగేళ్ళ లోపు వాళ్ళకి గట్టి బిళ్ళలు, లాలీపాప్‌లు, పల్లీలు ఏవీ వద్దు. గొంతుకి అడ్డం పడతాయి. ఆ వయసువాళ్ళకి చిన్న బిస్కెట్ ప్యాకెట్టు ఇచ్చేయండి.

తొమ్మిదో అంతస్తు:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఒక్కటే అన్న మాట, గిన్నెలో ఒకే రకం, ఈ రెండూ గ్రూపులో పెట్టేశాను. అత్తగారు బయట కొన్నవాటికన్నా ఇంట్లో సున్నుండలు చేసి ఇద్దామంటున్నారు. కాదనలేక ఉన్నాను. బుట్ట సంగతి ఎవరూ చెప్పలేదు.

హెచ్చెస్సార్ ఏడో సెక్టార్ జవాబు:

బుట్ట స్టూలు మీద పెట్టి లోపలికి వెళితే మొదటి రెండు జట్లకే ఖాళీ అవుతుంది. పిల్లల తప్పు లేదు, అంతా కనిపిస్తూ ఉంటే ఎంత తీసుకోవాలో వాళ్ళకి తెలియదు. విడివిడిగా వేలాడదీస్తే ఒక్కటే తీసుకుంటారు, ఇది బాగా పనిచేస్తుంది.

చిన్న కాగితపు కవర్లు, మందుల షాపులో మాత్రలు వేసి ఇస్తారే ఆ సైజు, తీసుకోండి. ఒక్కో కవర్లో ఒక చాక్లెట్, ఒక స్టిక్కర్. నోరు మడిచి గమ్ముతోనో గుండ్రటి స్టిక్కర్‌తోనో అంటించండి. స్టేప్లర్ వద్దే వద్దు, పిల్లలు పళ్ళతో చింపుతారు, పిన్ను నోట్లోకి పోతుంది. తలుపు బయట గ్రిల్లు ఉంటే దానికి జనపనార తాడు రెండు వరుసలు అడ్డంగా కట్టండి, ఒకటి నేల నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తులో, ఇంకోటి 110లో. మూడేళ్ళ పిల్ల చేయి కింది వరుసకి అందుతుంది, పెద్దవాళ్ళు పైది తీస్తారు. కవర్లని చెక్క బట్టల క్లిప్పులతో తగిలించండి. తాడుని గోడకి టేపుతో అంటించకండి, బరువుకి టేపు ఊడేటప్పుడు పెయింటు కూడా వస్తుంది. గ్రిల్లు లేకపోతే రెండు కుర్చీలు ఎదురెదురుగా పెట్టి వాటి వీపులకి కట్టండి, కానీ కారిడార్‌లో మనిషి నడిచే దారికి, మెట్ల తలుపుకి అడ్డం రాకూడదు.

120 ఒకేసారి తగిలించకండి. 20 పెట్టి, అయ్యాక మళ్ళీ 20. ఆవిడ పూజలో ఉన్న గంటకి 40 చాలు. ఆ సమయానికి బెల్లు మీద చిన్న కాగితం అంటించి దాని మీద గంట బొమ్మ వేసి అడ్డంగా గీత కొట్టండి, పక్కన ఒక వేలు చూపిస్తున్న చెయ్యి బొమ్మ. చదవడం రాని పిల్లలకి కూడా అర్థమవుతుంది. ఏడున్నరకి నారింజ కాగితం తీసేయడం మరచిపోకండి, లేకపోతే తొమ్మిదింటి దాకా వస్తూనే ఉంటారు.

పప్పుబెల్లం జవాబు:

సున్నుండల గురించి. అత్తగారి మనసు చాలా మంచిది, కానీ ఈ పనికి అవి నిలవవు. నెయ్యి కాగితపు సంచికి అంటుతుంది, మిగతా చాక్లెట్ల కింద నలిగి పొడి అవుతాయి, మీరు ఎవరో తెలియని తల్లి లేబుల్ లేనిదాన్ని పిల్లకి పెట్టదు. కష్టపడి చేసినవి చెత్తలోకి పోతే ఆవిడకి బాధ. మీ అంతస్తులో తెలిసిన ఐదిళ్ళకి పెద్దవాళ్ళకి ఇప్పించండి, సంతోషంగా తింటారు.

అపరిచితులు ఇచ్చే మిఠాయిలో విషం కలుపుతారన్న భయం మన గ్రూపుల్లో ప్రతి ఏడూ తిరుగుతుంది కాబట్టి చెబుతున్నాను. జోయెల్ బెస్ట్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1958 నుంచి వచ్చిన వార్తలన్నీ వెతికి, అపరిచితులు పంచిన హాలోవీన్ మిఠాయి వల్ల పిల్లలు చనిపోయారనడానికి రుజువు దొరకలేదన్నారు. 1974లో టెక్సస్‌లో ఒక బాబు సైనైడ్ కలిసిన మిఠాయితో చనిపోయాడు, కానీ అది ఇచ్చింది బీమా డబ్బు కోసం కన్నతండ్రే. సీలు ఉన్నవి ఇవ్వాలనడానికి అసలు కారణం పరిశుభ్రత, అలర్జీ.

ఇంకో మాట. ఇది మనకి బొత్తిగా కొత్తదని పెద్దవాళ్ళు అనుకుంటే దసరా గుర్తు చేయండి. పంతులుగారి వెంట బడిపిల్లలు విల్లంబులు పట్టుకుని, పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగితే పప్పుబెల్లాలు పెట్టేవాళ్ళు. తలుపు దగ్గరికి వచ్చిన పిల్లలకి ఏదో ఒకటి చేతిలో పెట్టడం వాళ్ళకి తెలిసిన పనే. ఇష్టపడితే గిన్నె అత్తగారి చేతికే ఇవ్వండి, పూజ అయ్యాక కుర్చీ వేసుకుని తలుపు దగ్గర కూర్చుంటారు.

తోటపని జవాబు:

గుమ్మడికాయ తప్పకుండా అవుతుంది. కూరగాయల బండి మీద ముక్కలు కోసి అమ్మే తియ్య గుమ్మడే, కోయనిది మూడు, నాలుగు కిలోలది అడిగి తీసుకోండి. అడుగు చదునుగా, తొడిమ గట్టిగా, ఎక్కడా మెత్తటి మచ్చ లేకుండా ఉండాలి. బూడిద గుమ్మడి వద్దు, దాని కండ తెల్లగా నీళ్ళోడుతుంది, వెలుగు బాగా రాదు, పైగా అది దిష్టికి కట్టేది.

మన గుమ్మడికి తోలు గట్టి, కండ మందం. కూరగాయల చాకు జారుతుంది. కొత్త హ్యాక్సా బ్లేడు ముక్క ఒక చివర మందంగా గుడ్డ చుట్టి రంపంలా వాడండి. మార్కర్‌తో గీయడం పిల్లల పని, కోయడం పెద్దల పని. పైన మూత కోయకుండా అడుగు భాగం గుండ్రంగా కోసి తీయండి. తొడిమ వైపు చెక్కుచెదరకపోతే కాయ ఆకారం తొందరగా కుంగదు, దీపం నేల మీద పెట్టి కాయని దాని మీద బోర్లించొచ్చు. పెద్ద చెంచాతో గింజలు, పీచు తీసి, మొహం వచ్చే వైపు కండని 2 సెంటీమీటర్ల మందం వచ్చేదాకా గీకండి. అక్కడ మందంగా వదిలేస్తే ఎన్ని రంధ్రాలు పెట్టినా వెలుగు బయటికి రాదు. కళ్ళకీ నోటికీ మధ్య కనీసం 3 సెంటీమీటర్లు వదలాలి, లేకపోతే మర్నాటికి ఆ పట్టీ వంగిపోయి మొహం కూలుతుంది. గీకిన కండ పులుసులోకి, దప్పళంలోకి బంగారంలా ఉంటుంది, ఇక్కడే తీసి పక్కన పెట్టుకోండి. తర్వాత వేసేది బ్లీచ్ కాబట్టి ఆ తర్వాత కాయలో ఏదీ తినకూడదు.

4 లీటర్ల నీళ్ళలో ఒక టేబుల్ స్పూన్ బ్లీచ్ ద్రావణం కలిపి కాయని 15 నిమిషాలు ముంచండి. తీసి బోర్లించి పూర్తిగా ఆరాక కోసిన అంచులకి వ్యాజలిన్ రాయండి. అంచులు ఎండి ముడుచుకోవడం, బూజు పట్టడం రెండూ నెమ్మదిస్తాయి. అయినా అక్టోబర్ చివర ఇక్కడ వానలు, గాలిలో తేమ, రెండు రోజులకి మించి ఆశ పెట్టుకోకండి. 30వ తేదీ సాయంత్రం చెక్కడమే మంచిది. మూడో రోజుకి పండ్ల ఈగలు మూగుతాయి. ఒకటో తేదీ కన్నడ రాజ్యోత్సవం (కర్ణాటక అవతరణ దినం) సెలవు, ఉదయాన్నే ముక్కలు చేసి తడిచెత్తలో వేసేయండి.

కొవ్వొత్తి వద్దు. వేడికి కండ లోపల ఉడికి ముందే కుళ్ళుతుంది, వ్యాజలిన్‌కి నిప్పు అంటుకోవచ్చు, కేపులు వేసుకున్న పిల్లలు ఆ పక్కనుంచే పోతారు. ఎల్‌ఈడీ దీపం పెట్టండి. కానీ ఆ దీపాల్లో ఎక్కువగా ఉండేది గుండ్రటి బటన్ సెల్లు, సీఆర్ 2032. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయేంత ప్రమాదం. అడుగున మూతకి స్క్రూ ఉన్న దీపమే కొనండి, లేకపోతే చుట్టూ టేపు గట్టిగా వేయండి. మింగారని అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఇది పంచే చాక్లెట్లకన్నా చాలా పెద్ద విషయం.

ఇందిరానగర్ మూల ఇల్లు జవాబు:

అందరూ టవర్ల గురించే చెప్పారు, ఇండిపెండెంట్ ఇళ్ళ వీధుల్లో ఉన్నవాళ్ళ కోసం రెండు మాటలు. పెంపుడు కుక్కని ఆ రెండు గంటలూ లోపలి గదిలో ఉంచండి, మాస్కులు, అరుపులు చూస్తే ఎంత సౌమ్యమైనదైనా బెదురుతుంది. చాక్లెట్‌లోని థియోబ్రొమిన్, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లోని జైలిటాల్ కుక్కలకి విషం, కాబట్టి గిన్నె కింద పెట్టకండి, వీధి కుక్కలకి పిల్లల్ని చాక్లెట్ వేయనివ్వకండి. గేటు లైటు వేసి ఉంటే రావచ్చు, ఆర్పేస్తే రావద్దు, ఇదే గుర్తు పెట్టుకుంటే కాగితాలు కూడా అక్కర్లేదు. వాన మొదలైతే కాగితపు సంచుల అడుగు ఊడిపోతుంది, గుడ్డ సంచులే పంపండి.

అక్టోబర్ 31 దీపావళి దగ్గర పడిన ఏడు మాత్రం తేదీ మార్చండి. 2024లో ఆ రోజే నరక చతుర్దశి. గుమ్మాల ముందు నూనె దీపాలు, కింద టపాసులు, మధ్యలో పాలిస్టర్ కేపులతో పిల్లలు నడవడం చాలా ప్రమాదం. ముందు వారాంతంలో పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. ఏ ఏడైనా కేపు మడమ పైకి ఉండాలి, కళ్ళు మూసే మాస్కు బదులు మొహానికి రంగు వేయండి, ఆ రంగు ముందు రోజు మోచేతి లోపలి వైపు కాస్త రాసి చూడండి.

రేపర్లు కూడా చెప్పాలి. ప్రతి అంతస్తులో లిఫ్టు పక్కన నీలం డబ్బా ఒకటి ఆ సాయంత్రానికి పెట్టించండి, చాక్లెట్ కవర్లు పొడిచెత్త. జట్టు వెనక నడిచే పెద్దమనిషి చేతిలో ఒక సంచి ఉంటే మెట్ల మీద పడినవి అక్కడికక్కడే ఏరొచ్చు. ఒకటో తేదీ సెలవు రోజున పొద్దున్నే వచ్చే హౌస్‌కీపింగ్ అక్కల మీద 15 అంతస్తుల రేపర్లు వదలకండి. వాళ్ళ పిల్లల కోసం పక్కన పెట్టిన 15 కూడా సాయంత్రం మొదలవక ముందే గేటు దగ్గర ఇచ్చేయండి, చివర్లో మిగిలితే ఇద్దామనుకుంటే మిగలవు.